తిరువూరు నుంచి జగదల్‌పూర్ దాకా కల్లు దారి

జపాన్ ఉత్తరాన హొక్కైడో అనే పెద్ద దీవి ఉంది. అక్కడ 1985 నుంచి ‘సపోరో క్లాసిక్’ అనే బీరు అమ్ముతున్నారు. మామూలుగా ఆ దీవిలో తప్ప ఎక్కడా దొరకదు. టోక్యోలో ఉండే మనిషైనా దాన్ని తాగాలంటే విమానమో రైలో ఎక్కి ఉత్తరానికి పోవాల్సిందే. పోతారు కూడా. ఒక్కరే సంచీ భుజాన వేసుకుని, నాలుగు రోజులు సెలవు పెట్టి, ఊరికో బీరు రుచి చూస్తూ తిరిగేవాళ్లకు జపాన్ పెట్టింది పేరు. బయటి దేశాల నుంచి కూడా ఇందుకోసమే వస్తుంటారు.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు పరిసరాల్లో దొరికే తాటికల్లుకు ఇంతకన్నా గట్టి కట్టుబాటు ఉంది. దాన్ని ఏ కంపెనీ విధించలేదు. తెల్లవారుజామున చెట్టు మీంచి దిగిన కల్లు పొద్దెక్కేకొద్దీ రంగూ రుచీ ఘాటూ మార్చుకుంటుంది. సాయంత్రానికి పులుపెక్కుతుంది, మర్నాటికి నోట పెట్టలేం. విజయవాడ చేరేలోపే దాని గుణం సగం పోతుంది. అందుకే తాజా కల్లు కావాలంటే మనిషే చెట్టు దగ్గరికి రావాలి. ఇలా కదలని పానీయాల చుట్టూ జపాన్ ఒక యాత్రా సంస్కృతిని పెంచుకుంది. మన దగ్గర అంతకు మించిన సరుకుంది, రోడ్డూ ఉంది. యాత్రికుడే లేడు.

ఆ రోడ్డు 30వ నంబరు జాతీయ రహదారి. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై మైలవరం మీదుగా తిరువూరు వస్తుంది. అక్కడి నుంచి తెలంగాణలో అడుగుపెట్టి పెనుబల్లి, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం దాటి మళ్లీ ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు చేరుతుంది. తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ పోతుంది. మూడు రాష్ట్రాలు, ఒకే రోడ్డు. దాని వెంబడి తాడి, ఈత, జీలుగు వరసగా కనిపిస్తాయి. మూడు చెట్ల కల్లుకూ మూడు రుచులు, మూడు గీత పద్ధతులు. ఇంత తక్కువ దూరంలో ఇన్ని రకాల చెట్టు కల్లు దొరికే దారులు దేశంలో ఎక్కువ ఉండవు.

జపాన్ సంగతి కాస్త చెప్పుకుంటే మన దారి విలువ బాగా తెలుస్తుంది. ఆ దేశానికి బీరు పాత పానీయమేమీ కాదు. 1870 ప్రాంతంలో యొకొహామా రేవులో విలియం కోప్లాండ్ అనే విదేశీయుడు బట్టీ పెట్టాడు. తర్వాత ఆ స్థలంలోనే నేటి కిరిన్ కంపెనీకి పునాది పడింది. 1876లో సపోరోలో ప్రభుత్వమే ఒక బీరు కర్మాగారం తెరిచింది. అందులో బీరు తయారుచేసిన నకగావా సెయిబెయ్ జర్మనీ వెళ్లి ఆ పని నేర్చుకొచ్చినవాడు. టోక్యోలోని ఎబిసు రైల్వే స్టేషన్‌కు ఆ పేరు వచ్చింది అక్కడ తయారైన ఎబిసు బీరు వల్లే. బీరు పెట్టెలు రవాణా చేయడానికి కట్టిన స్టేషన్ అది.

అసలు మలుపు 1994లో వచ్చింది. అప్పటిదాకా ఏడాదికి కనీసం 20 లక్షల లీటర్లు చేయగలిగినవాడికే బీరు లైసెన్సు ఇచ్చేవారు. ఆ హద్దును 60 వేల లీటర్లకు దించారు. దాంతో చిన్న ఊళ్లలో చిన్న బట్టీలు పుట్టుకొచ్చాయి. ఇబరాకి ప్రాంతంలో కియుచి కుటుంబం 1823 నుంచి బియ్యంతో సాకే కాస్తోంది. వాళ్లు 1996లో బీరూ మొదలుపెట్టి, సీసా మీద గుడ్లగూబ బొమ్మ వేసి ప్రపంచమంతా అమ్ముతున్నారు. ఇజు ద్వీపకల్పంలో వేడినీటి బుగ్గలకు పేరుపడ్డ షుజెన్‌జి ఊరికి ఇప్పుడు బెయిర్డ్ బీరు తాగడానికీ జనం వస్తున్నారు. చట్టంలో ఒక అంకె మారితే ఊళ్ల తలరాతలే మారాయి.

ఒంటరి యాత్రికుడికి అక్కడ ఇంకో సౌకర్యం ఉంది. చిన్న తాగుడు దుకాణాల్లో వంట చేసేవాడికి ఎదురుగా బల్ల, దాని వెంట ఎత్తు కుర్చీలు ఉంటాయి. ఒక్కడే వచ్చి కూర్చుంటే ఎవరూ విడ్డూరంగా చూడరు. అడక్కుండానే ఓ చిన్న గిన్నెలో ఏదో తినుబండారం వస్తుంది, దాని ఖరీదు బిల్లులో చేరుతుంది. ఉప్పు చల్లిన పచ్చి సోయా కాయలు ఒలుచుకు తింటూ గంటసేపు మౌనంగా కూర్చుని లేచిపోవచ్చు.

తాటిచెట్టు కింద అలా కుదరదు. అక్కడ ఒంటరితనం పది నిమిషాల్లో పోతుంది. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎందుకొచ్చావు అని మొదలవుతుంది. దొప్ప పట్టుకోవడం రాకపోతే పక్కనున్న పెద్దాయన చూపిస్తాడు. లేత తాటాకును మడిచి, కొసలు ముడివేసి చేసిన దొప్పను రెండు చేతులా పట్టుకోవాలి. పైనుంచి లొట్టితో, అంటే కల్లు కుండతో, పోస్తుంటే పెదాలకు ఆనించి ఆగకుండా తాగాలి. మధ్యలో కింద పెడదామంటే కుదరదు. గ్లాసులో తాగే కల్లుకు ఆ లేతాకు వాసన పట్టదు. దొప్పలో తాగినవాడు ఆ తేడా మర్చిపోడు.

పైన జరిగే పని ఇంకా గొప్పది. కల్లు గీసే గౌడన్న నడుముకు మోకు, కాళ్లకు బంధం వేసుకుని, కత్తులూ లొట్టీ వెంట కట్టుకుని చెట్టెక్కుతాడు. మోకును చెట్టు చుట్టూ తిప్పి, వెనక్కి వాలి దాని మీద బరువు వేసి, పాదాలతో మానును కరిచిపట్టి ఒక్కో అడుగే పైకి జరుగుతాడు. మట్ట మీదికి చేరాక గెల దగ్గర కూర్చుంటాడు. అదునుకొచ్చిన గెలను మొదట కొన్నాళ్లు నొక్కి, తట్టి మెత్తబరుస్తాడు. తర్వాత కొసను కాగితమంత పలచగా చెక్కుతాడు. కత్తి మరీ లోతుకు దిగితే గెల పాడవుతుంది, మరీ పైపైన పోతే రసం ఆగిపోతుంది. చెక్కిన కొసను లొట్టి మూతిలో పెట్టి కట్టేస్తే రసం బొట్టు బొట్టుగా దిగుతుంది. ఈ చెక్కుడు పూటపూటా జరగాలి. ఒక్క రోజు మానేస్తే కోత మూసుకుపోతుంది. పండగొచ్చినా పబ్బమొచ్చినా గీత కార్మికుడికి సెలవు లేకపోవడానికి కారణం ఇదే.

మగచెట్టును పోతుతాడు అంటారు. ఆడచెట్టు గెలను గీస్తే కల్లు వస్తుంది, గీయకుండా వదిలితే ముంజలు కాస్తాయి. ఒకే గెల నుంచి రెండూ రావు. తిరువూరు అంగడిలో ఎండాకాలం ముంజలు కొంటున్నామంటే, ఎవరో రైతు ఆ గెలను గీయకుండా వదిలినట్టే.

గెల నుంచి జారేటప్పుడు అది కల్లు కాదు, తియ్యటి నీరు. లొట్టిలో నిన్నటి తడి మిగిలి ఉంటుంది. అందులోని ఈస్టు, బాక్టీరియా చక్కెర మీద పడతాయి. పొద్దు పొడిచేలోపే నురగ వస్తుంది. కొన్ని గంటల్లో సారం బీరు స్థాయికి, అంటే 4, 5 శాతం ఆల్కహాలుకు చేరుతుంది. ఇంకా ఉంచితే మరో రకం బాక్టీరియా ఆ ఆల్కహాలును వెనిగరుగా మారుస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఈ కథంతా మొదట్లోనే ఆగిపోతుంది. అప్పుడు దిగేది నీరా. దాన్ని కాస్తే తాటిబెల్లం. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మేలో తెలంగాణ ప్రభుత్వం తెరిచిన నీరా కేఫ్ ఈ పులియని రసం కోసమే. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం కూడా తాటి మీద, తాటి ఉత్పత్తుల మీద చాలా కాలంగా పనిచేస్తోంది.

కల్లును పులియబెట్టే సూక్ష్మజీవుల్లో జైమోమోనాస్ మొబిలిస్ అనే బాక్టీరియా ఒకటి. చక్కెరను ఆల్కహాలుగా మార్చడంలో దాని వేగం చూసి శాస్త్రవేత్తలు ఇంధనం తయారీకి దాన్ని వాడుకునే మార్గాలు వెతుకుతున్నారు. అదే జీవి బీరు పీపాలో పడితే మాత్రం సరుకంతా చెడుతుంది. బట్టీల వాళ్లకు అది శత్రువు. బీరు కంపెనీలు వడపోసి, వేడిచేసి, హాప్స్ పువ్వు చేదు కలిపి బీరును సీసాలో స్థిరపరుస్తాయి. జపాన్ వాళ్లు ఇష్టపడే ‘నామా’ బీరును వేడి చేయరు, సన్నగా వడపోసి జీవులను తీసేస్తారు. కల్లులో జీవులు బతికే ఉంటాయి. సీసాలో బిగిస్తే గాలి పెరిగి మూత లేస్తుంది. శ్రీలంకలో కల్లును శుద్ధిచేసి సీసాల్లో అమ్ముతున్నారు కానీ, చెట్టు కింద తాగే కల్లు అందులోకి రాదు.

తిరువూరు దాటితే తెలంగాణ. ఈ సరిహద్దుకూ తాగుడుకూ ఉన్న సంబంధం ఇప్పటిది కాదు. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. ధరలు పెరిగాయి, అలవాటైన బ్రాండ్లు కనిపించకుండా పోయాయి. దాంతో సరిహద్దు ఊళ్ల వాళ్లు అవతలి దుకాణాలకు పరుగెత్తారు. 2020 సెప్టెంబరులో మనిషికి మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగొచ్చాయి. రాష్ట్రంలోని 3,396 దుకాణాలకు తోడు గీత కులాలకు మరో 340 కేటాయించారు.

అంతకుముందు ఇదే సరిహద్దు గీతకు ఇవతల మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా, అవతల నిజాం రాజ్యం. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది, కల్లు కూడా నేరమైంది. నిజాం ఇలాకాలో అబ్కారీ ఖజానాకు పెద్ద ఆదాయం. ఒకే జాతి తాడిచెట్టు గట్టుకు ఇటు నేరం, అటు పన్ను! గీత వృత్తి పోయి కుటుంబాలు వీధిన పడ్డాయి. గౌతు లచ్చన్న నాయకత్వంలో కల్లుగీత సత్యాగ్రహం నడిచింది. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. మద్యనిషేధం వివాదం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఆయన ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మన రాజకీయ చరిత్రను రాసేటప్పుడు తాడిచెట్టుకు ఇంకాస్త చోటివ్వాలి.

దీనికి మరో పక్క ఉంది, దాన్ని దాటవేయకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వాళ్లకు ముందు నడిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మార్మోగింది. 1995లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో అది సడలింది. ఇంట్లో వండుకోను గింజ లేకుండా చేసిన తాగుడుకు వ్యతిరేకంగా లేచిన ఉద్యమం అది. ‘తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు’ అన్న సామెత ఊరికే పుట్టలేదు. యాత్ర పేరుతో తాగుడును అందంగా చూపించేవాళ్లు ఆ ఆడవాళ్ల మాట గుర్తుంచుకోవాలి. రుచి చూడటానికి ఒక దొప్ప చాలు.

కల్తీ ఇంకో ప్రమాదం. చెట్టున దిగే కల్లుకు లెక్కుంటుంది, పట్నంలో అమ్మే కల్లుకు లెక్కుండదు. చెట్లు లేని చోట వందల లీటర్లు దొరుకుతున్నాయంటే అందులో ఏదో కలిసిందనే అర్థం. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజొలామ్ లాంటి మత్తుమందులు నీళ్లలో కలిపి అమ్మిన కేసులు తెలంగాణలో ఎన్నో బయటపడ్డాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. రోజూ అలాంటి కల్లుకు అలవాటుపడ్డవాళ్లు మానేస్తే పిచ్చెత్తినట్టు ప్రవర్తించడం, ఫిట్స్ రావడం ఆసుపత్రుల్లో డాక్టర్లు తరచూ చూస్తున్నదే. కొత్తగా వచ్చినవాడు పాటించాల్సిన నియమం తేలికైనదే. చెట్టు కనిపించాలి, ఎక్కిన మనిషి కనిపించాలి, లొట్టి దిగుతుండగా చూడాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా తాగకూడదు.

పెనుబల్లి దాటాక తాళ్ల మధ్య ఈతచెట్లు ఎక్కువ కనిపిస్తాయి. ఈతను గీసే తీరు వేరు. గెల జోలికి పోరు, తలకింద మానునే చెక్కి రసం తీస్తారు. ఒక ఏడు ఒకవైపు, మరుసటి ఏడు రెండోవైపు చెక్కడం వల్ల మాను మెట్లు మెట్లుగా వంకర తిరుగుతుంది. ఆ మెట్లు లెక్కపెడితే చెట్టు ఎన్నేళ్లు కల్లిచ్చిందో తెలుస్తుంది. ఈత కల్లు చలికాలపు సరుకు, తాటికల్లు కన్నా తియ్యన. నంజుకోవడానికి ఇటు ఉడికించిన శనగ గుడాలు దొరుకుతాయి.

భద్రాచలం దాటి చింతూరు అడవుల్లోకి పోతే జీలుగు మొదలవుతుంది. కోయ గూడేల్లో ఇంటి పక్కనే ఈ చెట్టు ఉంటుంది. చేప తోకలా చీలిన ఆకులు, కిందికి వేలాడే జడల్లాంటి పూగెలలు దాని గుర్తు. మోకుతో ఎక్కరు, కణుపుల దగ్గర కొమ్మ మొదళ్లు వదిలిన పొడవాటి వెదురును మానుకు కట్టి నిచ్చెనగా వాడతారు. బాగా పారే చెట్టు రోజుకు పదుల లీటర్లు ఇస్తుంది. జీలుగుకు ఒక విచిత్రమైన ఆయుష్షు ఉంది. పూత కొస నుంచి కిందికి గెల తర్వాత గెలగా కొన్నేళ్లు దిగుతుంది. అడుగు గెల అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. అందుకే ఆ ఇంటివాళ్లు ఒక చెట్టు పూతకొచ్చేసరికే పక్కన పిల్లచెట్లను కాపాడుకుంటారు.

అదే చెట్టు బస్తర్‌లో సల్ఫీ అవుతుంది. జగదల్‌పూర్ వైపు దాన్ని ‘బస్తర్ బీరు’ అంటారు. ఆదివాసీ కుటుంబాల్లో సల్ఫీ చెట్టు ఆస్తి కింద లెక్క. ఆడపిల్లకు పెళ్లిలో చెట్టు రాసిచ్చే ఆనవాయితీ కొన్ని చోట్ల ఉంది. వారపు సంతల్లో సొరకాయ బుర్రల్లో, కుండల్లో తెచ్చి అమ్ముతారు. ఆకు దొన్నెలో పోసిస్తారు. కొనేవాళ్లలోనూ అమ్మేవాళ్లలోనూ ఆడవాళ్లు బాగా కనిపిస్తారు. కొన్నేళ్లుగా ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు ఈ చెట్లను బస్తర్‌లో పెద్ద సంఖ్యలో చంపుతోంది. ఒక చెట్టు పోతే ఆ ఇంటి ఆదాయం పోయినట్టే.

మైదానంలో తాడిని చంపేది తెగులు కాదు. ఇటుక బట్టీలు, రోడ్ల వెడల్పు, ఎక్కేవాళ్లు లేకపోవడం. తాడి నాటితే కల్లుకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. కొట్టడానికి అరగంట చాలు. ఎక్కేవాడి కొడుకు మోకు పట్టుకోవడం లేదు. తప్పు పట్టడానికి వీల్లేదు. చెట్టు మీంచి పడి నడుం విరిగినవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి గీత పల్లెలోనూ ఉన్నారు. తెలంగాణలో 2024 జులై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్ష కవచం’ పేరుతో భద్రత పరికరాల పంపిణీ మొదలైంది. కాటమయ్య గౌడుల కులదైవం. అలాంటి పరికరాలు సరిహద్దుకు ఇటున్న గీత కార్మికులందరికీ కూడా అందాలి.

ఈ దారిన వెళ్లేవాళ్లు సొంత బండి తీసుకోకపోవడం మంచిది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే మన మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే పదివేలు జరిమానా, జైలు కూడా పడొచ్చు. జపాన్ కూడా దాదాపు ఇదే హద్దు పెట్టింది, పైగా తాగిన డ్రైవరుతో పాటు అతనికి పోసినవాణ్నీ పక్కన కూర్చున్నవాణ్నీ శిక్షిస్తుంది. అక్కడి బీరు యాత్రికులు రైలెక్కడానికి ఇదో కారణం. మనకు ఆర్టీసీ బస్సు ఉంది. తిరువూరులో డిపో ఉంది, భద్రాచలం దాకా బస్సులకు కొదవ లేదు. అక్కడి నుంచి చింతూరు, కుంట వైపు పగటిపూట వెళ్లడం మేలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తాగడానికి 21 ఏళ్లు నిండి ఉండాలి.

ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ ప్రయాణానికి అనువైనవి. అప్పటికి తాళ్లు పారుతుంటాయి, తిరువూరు ఎండ ఇంకా ముదరదు. పొద్దున్నే చెట్టు దగ్గరికి చేరాలి, వెంట మంచినీళ్లు ఉండాలి, ఖాళీ కడుపుతో తాగకూడదు. ఫొటో తీయాలంటే ఎక్కేముందు అడగాలి, పైన కత్తి పట్టుకుని ఉన్నప్పుడు కేకేసి పలకరించకూడదు. డబ్బు ఇచ్చేటప్పుడు బేరం చేయకుండా గౌడన్న చేతికే ఇవ్వాలి. ఆ చెట్టు ఎవరి పొలంలో ఉందో, కౌలు ఎంతో, ఈ ఏడు ఎన్ని తాళ్లు పోయాయో అడిగితే ఆయనే చెబుతాడు.